వర్తకుడుగా నాగేశ్వరరావు పంతులుగారు

కృష్ణా డెల్టా దిగువభాగమున, బందరు, గుడివాడ, దివిసీమ, కృత్తివెన్ను ప్రాంతములందు పెద్దలు కూర్చుండి పూర్వుల ముచ్చటలు ఎత్తుకొన్నప్పుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు రాక మానదు. ఆ పేరునకు ముందు ‘దేశోద్ధారక’ యనియు, ‘విశ్వదాత’ యనియు చేర్చి పలుకుట వాడుక. బిరుదములు గొప్పవే. కాని బిరుదముల వెనుక మనిషి మరుగుపడుట కూడ లోకమున కలదు. దాత, దాత యని పలుమారు విని, ఆ దానమునకు ధనము ఎచటినుండి వచ్చెనో, ఏ తీరున వచ్చెనో అడుగుట మానితిమి. నేడు మేము చెప్పదలచినది ఆ సంగతియే. పత్రికాధిపతియు, కాంగ్రెసు నాయకుడును అయిన పంతులుగారిని ఒకింత ప్రక్కకు కూర్చుండబెట్టి, సరుకు తయారుచేసి సీసాలలో పోసి అమ్మిన పంతులుగారిని తలచుకొందము.

వారు 1867 మే 1వ తేదీన కృష్ణా మండలములోని ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. ఆ కాలము ఈ సీమకు ఎట్టిదో కొంచెము చెప్పవలెను. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై అప్పటికి పండ్రెండేండ్లు. 1855లో అది ముగిసినది. కాలువలు పల్లెలకు నీటిని, పడవలను తెచ్చుచుండెను. మరొకవైపు, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరు పట్టణమును తుడిచిపెట్టి మూడేండ్లే అయినది. ముప్పదివేలమంది దాక అందులో మరణించిరని లెక్క. ఒకప్పుడు డచ్చివారును, ఆంగ్లేయులును, పరాసువారును పోటీపడి అద్దకపు గుడ్డలు కొనిపోయిన రేవు అది. ఉప్పెన అనంతరము ఆ రేవు మరల నిలువ త్రొక్కుకొనలేదు. పొలములలో ధాన్యము పెరుగుచున్నది. పట్టణములో వ్యాపారము తరుగుచున్నది. ఇట్టి సంధికాలమున చదువుకొన్న పిల్లవాడు ఏమి చేయును? గుమాస్తాగిరియో, ప్లీడరీయో. నాడు త్రోవలు ఈ రెండే.

నాగేశ్వరరావుగారు బందరులో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొందిరి. పట్టభద్రులు వ్రేళ్ళపై లెక్కింప దగినంతమంది యున్న దినములవి. సర్కారు కొలువు దొరకుట కష్టము కాదు. అయినను వారు కొలువు కోరలేదు. మదరాసులోను, కలకత్తాలోను కొంతకాలము వ్యాపారపు మెలకువలు నేర్చుకొనుటకు యత్నించి, తుదకు బొంబాయి చేరిరి. అచట విలియం అండ్ కంపెనీ అను సంస్థలో పనిచేసిరి. బ్రాహ్మణ గృహమున పుట్టి, పట్టము చేతబట్టుకొని, భాష తెలియని ఊరిలో మందుల వ్యాపారమునకు దిగుట ఆనాటి మనవారి కంటికి ఎట్లుండునో ఊహింపవచ్చును. వర్తకము మన పల్లెలలో చులకన మాట కాదు గాని, చదువుకొన్నవాని పని మాత్రము కాదని ఒక తలంపు ఉండెడిది. ఆ తలంపును వారు వాదముతో ఖండింపలేదు. దుకాణము తెరచి ఖండించిరి.

1893లో బొంబాయిలో అమృతాంజనము వెలసినది. ఆ పసుపుపచ్చని మందును చూడని తెలుగు ఇల్లు ఉండునా? తలనొప్పికి కణతలకు, పడిసెమునకు ముక్కుకు, నడుమునొప్పికి నడుమునకు. ఇట్టి లేపనములలో వాడునవి కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలము వంటి ఘాటైన వస్తువులు. పిప్పరమెంటు పువ్వు చర్మములో చల్లదనమును కనిపెట్టు నాడులను మేల్కొల్పును. నిజముగా చర్మము చల్లబడకున్నను చల్లగా నున్నట్లు తోచును. ఆ చల్లదనపు మాటున నొప్పి కొంత అణగును. రోగమును కుదుర్చు మందు కాదు, ఉపశమనము నిచ్చునది. అయినను పగలెల్ల నాట్లు వేసి వంగిన నడుముతో ఇల్లు చేరిన కూలిమనిషికి ఆ రాత్రి కావలసినది ఉపశమనమే కదా. వైద్యుడు పది మైళ్ళ దూరమున నుండగా, కాలువ దాటి పోవలసియుండగా, పచారీ దుకాణములో దొరకు సీసా ఎంత పెద్ద వస్తువో పట్టణవాసులకు తెలియదు. కృత్తివెన్ను వంటి తీరపు ఊళ్ళవారికి తెలియును.

సరుకు మంచిదైనంత మాత్రమున అమ్ముడుపోదు. పంతులుగారు సంగీత సభలకు పోయి అచటి శ్రోతలకు సీసాలు ఉచితముగా పంచిపెట్టిరని ప్రతీతి. సభలో నాలుగు గంటలు కూర్చుండినవారికి తలనొప్పి సంగీతమువలన వచ్చెనో, జనసమ్మర్దమువలన వచ్చెనో మేము నిర్ణయింపజాలము గాని, మందు రుచి చూపుటకు అంతకంటె తగిన చోటు దొరకదు. మొదట సీసా వెల పది అణాలని చెప్పుదురు. ఇది మన ఊళ్ళ సంతలో బెల్లపు ముక్క చేతిలో పెట్టి, ‘రుచి చూచి కొనుము, నాయనా’ అను వర్తకుని పద్ధతియే. బొంబాయి చేరినను ఎలకుర్రు సంత వారిని విడువలేదు. పెద్ద నగరపు వర్తకుని చిన్న ఊరి వర్తకునిగా మేము తలచుకొనుటకు కారణ మిదియే. కొనువాని ముఖము చూచి అమ్ముట, అమ్మిన పిదప ఆ ముఖమును మరువకుండుట.

ఇక పత్రిక మాట. 1907 డిసెంబరులో సూరత్తులో కాంగ్రెసు సభ జరిగినది. అతివాదులును మితవాదులును చీలిపోయిన సభ అది. నాగేశ్వరరావుగారు ఆ సభకు పోయిరి. దేశమున ఇంత కల్లోలము జరుగుచుండగా తెలుగువారికి తెలుగులో తెలుపు సాధనము చాలదని వారికి అచట తోచెను. రెండేండ్లు తిరుగక మునుపే బొంబాయినుండి ‘ఆంధ్రపత్రిక’ వారపత్రికగా వెలువడినది. తెలుగు దేశమునకు అన్ని వందల మైళ్ళ దూరమున, తెలుగు అక్షరములు కూర్చువారు అరుదైన నగరమున, తెలుగు పత్రిక! లాభము కోరు వర్తకుడు చేయు పని కాదు. కాని వర్తకుడు కానివాడు చేయగల పనియు కాదు. అచ్చు యంత్రము, అక్షరములు, కాగితము, తపాలా ఖర్చు, చందా బాకీలు, వీనినన్నిటిని లెక్కగట్టి నడుపుట అంగడి నడిపినవానికే సాధ్యము. ప్రతియేట తెలుగు సంవత్సరాదికి వెలువడిన ప్రత్యేక సంచికలు అచిరకాలముననే పేరు గాంచెను.

1914 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రిక మదరాసులో దినపత్రిక యయ్యెను. నాలుగు నెలలు గడచినవో లేదో ఐరోపాలో మహాసంగ్రామము మొదలాయెను. యుద్ధవార్తలకై జనులు పత్రికకు ఎదురుచూచిరి. అదే సమయమున కాగితపు వెల పెరిగినది. పాఠకులు పెరిగినకొలది ఖర్చు పెరుగుట యనునది పత్రికలకు మాత్రమే పట్టిన విచిత్రమైన దురదృష్టము. దీనికి తోడు 1910 నాటి ముద్రణాలయ శాసనము. ఏ పత్రిక మాట ప్రభుత్వమునకు రుచింపకున్నను ధరావతు కట్టుమని అడుగవచ్చును. కట్టిన ధరావతును లాగుకొనవచ్చును. కలము పట్టినవానికి ధైర్యము చాలును. పత్రిక నడుపువానికి ధైర్యముతోపాటు పెట్టెలో రొక్కము కూడ ఉండవలెను. ఆ రొక్కము అమృతాంజనపు సీసా సమకూర్చినది.

ఇచ్చట మా అభిప్రాయము కొంత విప్పి చెప్పెదము. వ్యాపారములో మిగిలినదానిలో కొంత తీసి ధర్మమున కిచ్చువారు పలువురు కలరు. సత్రము కట్టింతురు, చలివేంద్రము పెట్టింతురు, గుడికి గంట చేయింతురు. వారిని తక్కువ చేయుట లేదు. కాని వారి పద్దుపుస్తకములో మొదట లాభము, తరువాత ధర్మము. మందు అమ్ముటయు, పత్రిక నడుపుటయు, గ్రంథము అచ్చువేయుటయు పంతులుగారికి మాత్రము వేరువేరు పద్దులుగా తోచలేదని మాకు తోచుచున్నది. తెలుగువారి పని అంతయు ఒక్క ఖాతాలోనిదే. కనుకనే పత్రికను మానక నడిపిరి. కనుకనే దానికి తోడు 1924 జనవరిలో ‘భారతి’ మాసపత్రికను కూడ ఆరంభించిరి. సాహిత్యము, శాసనములు, చరిత్ర, శిల్పము, భాషావివాదములు నిండిన మాసపత్రికవలన ధనము గడించిన వర్తకుని మేమెక్కడను వినలేదు.

ఈ తీరు మనవానికి మాత్రమే దక్కినదని గర్వింప నక్కరలేదు. రంగూనులో పుట్టిన చీనావాడు అవ్ బూన్ హా పులిబొమ్మ లేపనము అమ్మి కోటీశ్వరుడై, 1929లో సింగపూరున ‘సిన్ చ్యూ జిత్ పో’ అను చీనా దినపత్రికను స్థాపించెను. బంగాళాఖాతమునకు ఈ దరిని ఒక లేపనము, ఆ దరిని ఒక లేపనము. రెండును రెండు పత్రికలను పోషించినవి. మన తీరవాసులు రంగూను పడవ లెక్కిన కాలమున అచట మరొక మందు వర్తకుడు అదే ఆలోచన చేయుట మాకు ముచ్చటగ నున్నది. ఆయన పత్రిక మందునకు ప్రకటనగా కూడ ఉపకరించినది. ఆంధ్రపత్రిక పుటలలో అమృతాంజనము కనబడలేదా యన్నచో, కనబడినది. వర్తకుడు తన సరుకును తన గోడపై వ్రాసికొనుటలో తప్పేమి? గోడ వెనుక ఇల్లు ఎవరికొరకు కట్టెనో అది చూడవలెను.

ఆ ఇంటిలో ఎవరెవరు నివసించిరో చెప్పుటకు ఈ ప్రసంగము చాలదు. ఒక్కరిని మాత్రము, ఈ సీమవారు గనుక, తలతుము. దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో 1888లో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళపత్రముల పరిశోధనలో జీవితము గడపిన పండితులు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును వారు పరిష్కరింపగా 1926లో పంతులుగారి ఆంధ్రగ్రంథమాల ప్రకటించినది. శాస్త్రిగారి విపులమైన పీఠికతో వెలువడిన ఆ ద్విపదకావ్యము తెలుగు సాహిత్యచరిత్ర తీరును మార్చినదని పండితు లందురు. ఎలకుర్రు వర్తకుడును పెదకళ్ళేపల్లి పండితుడును కలసి ఏడువందల ఏండ్లనాటి కవిని జనులకు ఒప్పగించిరి. ఒకరికి ధనము, ఒకరికి విద్య. డెల్టాలోని రెండు ఊళ్ళ నడుమ జరిగిన ఇట్టి బేరము మరొకటి చూపుడని అడిగినచో మాకు తోచదు. గ్రంథమాల పుస్తకములు స్వల్పమైన వెలకు అమ్ముడయ్యెడివి. అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారు గ్రంథాలయములను ఊరూర నెలకొల్పుచున్న కాలమది. గ్రంథాలయము గది కట్టగనే సరిపోదు. బీరువాలో పుస్తకము ఉండవలెను. ఆ కొరతను తీర్చినవారిలో పంతులుగారు ముందువరుసవారు.

కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము 1923లో వారు కాలధర్మము నొందుటతో ఆగిపోయినది. అకారముతో మొదలగు మాటలు కూడ అప్పటికి ముగియలేదు. ఆ పనిని మరల ఎత్తుకొని, పండితులను కూర్చి, 1930 దశకములో సంపుటములు వెలువరించిన పూనిక నాగేశ్వరరావుగారిది. చనిపోయినవారి అప్పు తీర్చువారు అరుదు. చనిపోయినవారి పని తీర్చువారు ఇంకను అరుదు.

ఇట్టి ఉదారునికి లోపములు లేవని మేమనము. లోపము మనిషిది కాదేమో, పద్ధతిది. ఇన్ని పనులు ఒక్క సంచి మీద ఆధారపడుట క్షేమమా? ఇదే కాలమున బందరులో ఇతరులు ఇతర మార్గములు త్రొక్కిరి. 1902లో బందరున పుట్టిన ‘కృష్ణాపత్రిక’ను ముట్నూరి కృష్ణారావుగారు ఏ వ్యాపారపు అండయు లేకయే, 1945లో కన్నుమూయువరకు నడిపిరి. వారి లేమి లోకవిదితము. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల చందాలతో లేచినది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించినప్పుడు వాటాలు పలువురివి. ఆ బ్యాంకు బందరు దాటి దేశమంతట వ్యాపించి, 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో లీనమగువరకు తొంబదియారేండ్లకు పైగా తన పేరుతో నిలిచినది. ఒకే సీమ, ఒకే తరము. ఒకచోట పేదరికము, ఒకచోట చందా, ఒకచోట వాటా, ఒకచోట ఒక వర్తకుని సంచి. సంచి ఉన్నచోట పని వేగముగ జరిగినది. సభ పెట్టి తీర్మానించువరకు ఆగలేదు. కాని సంచి యజమానితోపాటు ఆ వేగమును పోవును. అడిగినవారికెల్ల ఇచ్చు మనిషి ఇంటి గడపలో నిజమైన అవసరము కలవారును, అవసరము కల్పించుకొన్నవారును కలసియే నిలుతురు. వారిలో ఎవరిని ఎంచవలెనో వర్తకబుద్ధి చెప్పును, దాతృబుద్ధి చెప్పనీయదు. పంతులుగారిలో ఈ రెండింటిలో రెండవదే గెలిచినదని వారి కీర్తియే సాక్ష్యము చెప్పుచున్నది.

రాజకీయములలో వారి పాత్రను క్లుప్తముగ చెప్పి ముగింతుము. 1924 మొదలుకొని చాలకాలము ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయిరి. అప్పటికి వయస్సు అరువదిమూడు. కోరినచో ఆ వయస్సున మైలాపూరు మేడలో కూర్చుండి మనుమలతో ఆడుకొనగల వర్తకుడు చెరసాలలో భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసికొనుచు కాలము గడపెను. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది.

1937 నవంబరు 16వ తేదీన మదరాసులో వారి ఇంటనే, ‘శ్రీబాగ్’ అను ఆ మేడలోనే, కోస్తావారును రాయలసీమవారును కూర్చుండి ఒడంబడిక చేసికొనిరి. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలెనని అందరి కోరిక. కాని సర్కారు జిల్లాల పెత్తనము క్రింద నలుగుదుమేమో యని రాయలసీమవారి శంక. విశ్వవిద్యాలయ కేంద్రములు వాల్తేరులోను, అనంతపురములోను. తుంగభద్రా, కృష్ణా, పెన్నా నదుల నీటిలో రాయలసీమకు ముందు వరుస. రాజధాని, హైకోర్టులలో ఒకటి కోస్తాకు, ఒకటి రాయలసీమకు, కోరుకొనుట మాత్రము రాయలసీమవారి ఇష్టము. ఇవి అందలి ముఖ్యాంశములు. కొనువాడును అమ్మువాడును ఇద్దరును కొంత వదులుకొని చేయి కలుపు బేరమువలె నున్నది ఈ పత్రము. అది వర్తకుని చావడిలో పుట్టుట మాకు వింతగ తోచదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును పోయినది. కృష్ణ నీటిచే బ్రదికిన డెల్టాలో పుట్టినవాని ఇంట, కృష్ణ నీటిలో ముందు వరుస మరొక సీమకు విడుచుటకు సంతకములు పడినవి. ఎలకుర్రు, కృత్తివెన్ను రైతు లీ సంగతిని ఎట్లు తలచుదురో గాని, దానిని చిన్న త్యాగమని మేమనజాలము.

అప్పటికి ఆయనకు మిగిలినది అయిదు నెలలే. 1938 ఏప్రిల్ 11వ తేదీన మదరాసులో నాగేశ్వరరావు పంతులుగారు పరమపదించిరి.

పిమ్మట వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. పత్రికయు, భారతియు అటుపై అర్ధశతాబ్దికి మించి నడచినవి. సంచి యజమానితో పోవునని మేమన్నమాటకు ఇది కొంత అపవాదము. కాని తుదకు 1991లో రెండును నిలిచిపోయినవి. మందు మాత్రము నిలువలేదు. అమృతాంజనము చెన్నపట్టణమునుండి నేటికిని అమ్ముడగుచున్నది. పోషించినది బ్రదికియున్నది, పోషింపబడినవి పోయినవి. తన కష్టార్జితము నిలుచుటకంటె తాను పోషించినది నిలుచుటయే ఆయన కోరియుండునని ఎరిగినవారికి ఈ తారుమారు చివుక్కుమనక మానదు.

అయితే పత్రిక ఆగినంత మాత్రమున పుట లారిపోవు. భారతి పాత సంచికలను నేడు యంత్రములపై చిత్రించి ఎవరైనను ఇంట కూర్చుండి చదువుకొనునట్లు చేసియున్నారు. తెలుగు చరిత్రమీదనో, శాసనములమీదనో, ఛందస్సుమీదనో పరిశోధన చేయు విద్యార్థి, బందరువాడైనను, బళ్ళారివాడైనను, ఆ పుటలు తిరుగవేయక ఒక అధ్యాయము ముగింపజాలడు. పాత ఆంధ్రపత్రిక సంవత్సరాది సంచికలు గ్రంథాలయములలో అట్టలు ఊడి, అంచులు పొడియై దొరకును. అట్టి సంచిక ఒకటి మాకును దొరకినది. అందలి వ్యాసమును చదువుచు పుట త్రిప్పగా, ఆ ప్రక్క పుటలో అమృతాంజనపు ప్రకటన.